పిల్లోళ్లకూ ఒక అభయారణ్యం

మా కడప జిల్లాలో అరుదైన జీవులు రెండు. ఒకటి కలివికోడి అనే పిట్ట, రెండోది ఇంటర్ సెకండియర్ పిల్లోడు. రెండూ పగటిపూట కనబడవు.

1900 తర్వాత ఎవరి కంటా పడకపోయేసరికి కలివికోడికి పండితులు తిలోదకాలిచ్చేశారు. అది 1986లో రెడ్డిపల్లి దగ్గర ఒక వేటగాడి చేతికి చిక్కి, బతికే ఉన్నానని రుజువు చేసుకుంది. రెండేళ్లకు లంకమల అభయారణ్యం వచ్చింది. తెలుగుగంగ కాలువ సైతం ఆ పిట్టకోసం పక్కకు జరిగింది. ఇంతా చేసి అది కోరేది ముళ్లపొదల మధ్య కాస్త ఖాళీ నేల, అంతే. అది తిరిగిందో లేదో తెలుసుకోను శాస్త్రజ్ఞులు మెత్తటి మట్టి పరిచి, పొద్దున్నే అడుగుజాడలు వెతికేవాళ్లు. మా అక్క కూడా కొడుకు చెప్పులకంటిన మట్టిని అంతే శ్రద్ధగా చూస్తుంది. ఉద్దేశం మాత్రం వేరు.

మొన్న ఆ మట్టి దొరికింది. వాడు స్టడీ అవర్స్ ఎగ్గొట్టి, సైకిలేసుకొని పాలకొండల కిందికి పోయొచ్చినాడు. బాటనీ రికార్డు చివరి పేజీలో కలివికోడి బొమ్మ కూడా బయటపడింది.

"ఇది సిలబస్‌లో ఉందేమిరా?"

"లేదు మా."

"మరెందుకు గీచినావు?"

వాడు నా వైపు చూసినాడు. మేనమామను గదా, న్యాయం చెప్పాలి. చదువులో కళకు చోటు లేదనడం అన్యాయం. ఉమ్మెత్త పుష్పచిత్రం ఎన్నిసార్లైనా గీయొచ్చు. పెన్సిల్ చెక్కుకోవాలి, షేడింగ్ ఇవ్వకూడదు, గీతలన్నీ కుడివైపుకే పోవాలి. ఉమ్మెత్త చెట్టు కాలేజీ ప్రహరీ అవతలే ఉంది గానీ, దాన్ని చూస్తే మార్కుల్లేవు.

కాబట్టి ప్రభుత్వానికి నా మనవి. పిల్లోళ్లకు కూడా అభయారణ్యం ప్రకటించాలి. వైశాల్యం ఎక్కువక్కర్లేదు, ఆదివారం సాయంత్రం ఒక్కటి చాలు. వీకెండ్ టెస్టు దాని మీదుగా పోయేట్టుంటే కాలువను జరిపినట్టు జరపాలి.

అక్క బొమ్మను చాలాసేపే చూసింది. మెడకింద రెండు గోధుమరంగు పట్టీల మీద వేలు పెట్టి, "బాగుంది గానీ, భాగాల పేర్లు రాయలేదే" అనింది.

వాడు బుద్ధిగా స్కేలు తీసుకున్నాడు. ముక్కు, కన్ను, కాళ్లు అని రాసినాడు. ఆఖరి గీత పక్షిని దాటి, రెండు పొదల నడుమకు పోయింది. దాని చివర రాసినాడు: ఖాళీ నేల.