నెగ్లిజిబుల్ వచ్చిందండోయ్

తుపాను వెళ్లిన పదో రోజున మా ఊళ్లో ఒక గోడకి కాగితం అంటించారు. ఎడమ పక్క ఊళ్ల పేర్లు, కుడి పక్క పంట నష్టం. పక్క ఊళ్లకి ఎదురుగా ఎకరాలు వేశారు. మా ఊరికి ఎదురుగా అంకె లేదు. ఒకే ఒక్క ఇంగ్లిషు మాట ఉంది: నెగ్లిజిబుల్.

"మాస్టారండీ, మనకి నెగ్లిజిబుల్ పడిందంటండి. ఎకరానికి ఎంతండి?" అని టీ కొట్టు దగ్గర ఒక కౌలు రైతు అడిగాడు. నేను గ్లాసు కింద పెట్టేలోపే ఇంకొకాయన అందుకున్నాడు. "పంట పోతే ఇచ్చే ఇన్‌పుట్ సబ్సిడీ కన్నా పెద్దదే అయ్యుంటుందండి. పేరు చూడండి ఎంత పొడుగుందో!" ఆధార్ జిరాక్సు కావాలా అని మూడో ఆయన సందేహం. నాలుగో ఆయన అప్పటికే రెండు కాపీలు తీయించుకొచ్చేశాడు. సాయంత్రానికి రామాలయం అరుగు మీద తగువు మొదలైంది: నెగ్లిజిబుల్ కౌలుదారుకి చెందుతుందా, భూమి గల ఆసామికి చెందుతుందా? రాని డబ్బుకి వాటాలు ముందే తేల్చుకోవడం మా కోనసీమలో మర్యాద లెండి. రాత్రికి హైదరాబాదు నుంచి ఓ ఆసామి ఫోను: "నా పొలం నెగ్లిజిబుల్ నా ఖాతాలోనే పడాలి. కౌలువాడికి పోతే ఊరుకోను."

ముప్పై ఏళ్లు ఇంగ్లిషు చెప్పిన పాపానికి అర్థం చెప్పే పని నా నెత్తిన పడింది.

ఈ మాట పుట్టిల్లు లాటిన్. 'నెక్' అంటే కాదు, లేదు. 'లెగెరె' అంటే ఏరడం. రెండూ కలిస్తే, ఏరక్కర్లేనిది అని. కోత అయ్యాక చేలో రాలిన కంకులు ఏరుకోవడాన్ని మనం పరిగె అంటాం. నడుం వంగిన ముసలమ్మలు పొద్దుటి నుంచి ఒక్కో కంకీ ఏరి, సాయంత్రానికి ఒడి నింపుకుని ఇంటికెళతారు. వాళ్ల ముందు నిలబడి నెగ్లిజిబుల్‌కి అర్థం చెప్పండి చూద్దాం. అదే లెగెరెకి చదవడం అనే అర్థం కూడా ఉంది. అంటే, చదవక్కర్లేనిది అని కూడా. మేం పెట్టుకున్న అర్జీ సంగతి లాటిన్ వాళ్లకి అంత ముందే ఎలా తెలిసిందో!

వాడుక సంగతికొస్తే, 'స్మాల్' అంటే కొలిస్తే చిన్నదని తేలినట్టు. 'నెగ్లిజిబుల్' అంటే కొలిచాక, దీన్ని వదిలేసినా లెక్క మారదని ఒకరు పూచీ పడినట్టు. ఫిజిక్సు మాస్టారు కూడా "గాలి నిరోధం నెగ్లిజిబుల్ అనుకోండి" అనేది జవాబులో తేడా రాదని తెలిసే. మరి మా ఊళ్లో కొలిచారా? జీపొచ్చింది. కల్వర్టు మీద ఆగింది. అద్దం సగం దిగింది. కళ్లెదుట ఉన్నది ముందే కోసి కుప్పేసి బరకం కప్పిన చేను. అద్దం మళ్లీ పైకెళ్లింది. అవతల కోసిన పనలు మోకాలి లోతు నీళ్లలో తేలుతున్నాయి. చేలోకి దిగితే బూట్లకయ్యే నష్టం మాత్రం నెగ్లిజిబుల్ కాదు కదా.

ఆ నీళ్లు ఎందుకు దిగలేదంటారా? డ్రెయిన్‌లో గుర్రపుడెక్క కలుపు మీద కొంగ నడుచుకుంటూ అవతలి గట్టుకి పోతోంది, అందుకు.

పంట 33 శాతం పోతేనే సాయం. 2015 వరకు అది 50 ఉండేది, తగ్గించారు, సంతోషం. సాగునీటి పంటకి 2022లో కేంద్రం వేసిన లెక్క హెక్టారుకి 17,000 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. మీ చేను 32 దగ్గర ఆగిందా, తప్పు చేనుది. రెండున్నర ఎకరాల లోపు రైతుని ఇంగ్లిషులో 'మార్జినల్' అంటారు. మా బడిపిల్లల నోటుపుస్తకాల్లో మార్జిన్ అంటే ఏమీ రాయకూడని చోటు.

ఇక ఆ ధాన్యాన్నే రోడ్డు మీద ఆరబోసి, బస్తాలకెత్తి అమ్మడానికి తీసుకెళితే తేమ మిషను పెడతారు. 17 శాతం దాటకూడదు. 18 చూపించింది. "ఒక్క శాతమేనండి, నెగ్లిజిబుల్ కదండీ" అని నేనే అన్నాను, మాట కొత్తగా నేర్చుకున్న మనిషిలాగా. కుదరదన్నారు. బస్తాకి కేజీ తరుగు తీశారు. 32 శాతం పంట పోతే వదిలేయొచ్చు, ఒక శాతం తేమ ఎక్కువైతే వదలకూడదు! ఇదేం నిఘంటువు?

టీ కొట్టు దగ్గర నన్ను అడిగిన కౌలు రైతు, అతని పెళ్లాం కలిసి ఆ పనలన్నీ నీళ్లలోంచి ఎత్తి గట్టుకి మోశారు. రెండు రోజులు మోశారు. అరచేతిలో గింజలు పెట్టి చూపించాడు, ఒక్కోదానికి అరంగుళం తెల్లటి మొలక. ఆసామి కౌలులో ఒక్క బస్తా తగ్గదు. విత్తనం, ఎరువు, కోత కూలి, అన్నీ అప్పే. పంట అతనిదని చెప్పే కాగితానికి ఆసామి సంతకం కావాలి, ఆయన పెట్టడు. ఇంతా చూడకుండా, ఆ గట్టెక్కకుండా, ఏసీ గదిలో కూర్చుని ఆ మాట రాసిన చెయ్యి అన్నం తింటోందా, గడ్డి తింటోందా? ఆ కంచంలో మెతుకు ఎక్కడిదనుకుంటోంది?

క్షమించాలి, వ్యాకరణం దారి తప్పింది.

మర్నాడు టీ కొట్టు దగ్గర అర్థం చెప్పేశాను. ఎవరూ ఏమీ అనలేదు. కాసేపటికి ఆ నాలుగో ఆయన జేబులోంచి కాగితాలు తీసి మడత సాపు చేశాడు.

"మరి ఈ జిరాక్సులు ఏం చెయ్యమంటారండి?"

"దాచు. దాళ్వా పంటకి పనికొస్తాయి."