పరికిణీకి టక్కులు వేసే కుట్టు మళ్లీ రావాలి

ఈమధ్య ఏ ఫంక్షన్‌కి వెళ్లినా చిన్నపిల్లలందరికీ పట్టు పరికిణీ, బుట్ట చేతుల జాకెట్టే. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి గానీ బొటిక్‌లో కుట్టించినవాటిని ఒక్కసారి తిరగేసి చూడండి, లోపల పాతకాలపు కుట్టు ఆనవాలు కూడా ఉండదు.

మొన్న మా మేనకోడలికి మా అమ్మ గద్వాల చీరతో నేనే పరికిణీ కుట్టా. దానికి ఏడేళ్లు, 28 అంగుళాల పొడవు చాలు, నేను 36 తీసుకున్నా. చీర అంచే కిందికి వస్తుంది కాబట్టి అక్కడ మడిచే పని లేదు, 2 అంగుళాలు నాడా పట్టీకి, మిగతా 6 అంచు పైన మూడు టక్కులకి, అంటే గుడ్డని అడ్డంగా మడిచి కుట్టేసే మడతలకి. పిల్ల పొడుగయ్యే కొద్దీ ఒక్కో టక్కు విప్పితే 2 అంగుళాలు దిగుతుంది, అంటే ఒకే పరికిణీ మూడు నాలుగేళ్లు వస్తుంది. కొంగుతో కుట్టిన జాకెట్టుకీ పక్కల్లో ఇంచున్నర గుడ్డ వదిలా. ఇప్పుడు చాలాచోట్ల ఓవర్‌లాక్ (పోగులు ఊడకుండా అంచుని మెషిన్‌తో చుట్టి కుట్టడం) చేసి ఆ గుడ్డని కత్తిరించి పారేస్తున్నారు, ఇంక పిల్ల కాస్త ఒళ్లు చేస్తే విప్పడానికి ఏముంటుంది?

అమ్మ చీరకి కత్తెర పెడతావా అని ఇంట్లో బాధపడ్డారు, ఆ బాధ నాకూ తెలుసు. కానీ ఏళ్ల తరబడి బీరువాలో ఒకే మడతలో పడుంటే పట్టు ఆ మడత దగ్గరే చిట్లిపోతుంది, అలా పోయేకన్నా మనవరాలు కట్టుకోవడమే నయం కదా.

అసలు ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ చీర కత్తెరకి తట్టుకుందంటే అది నేసినవాళ్ల గొప్పతనం. గద్వాలలో నూలు బాడీకి పట్టు అంచుని మగ్గం మీదే పోగుకి పోగు కలిపి నేస్తారు, ఆ కలిపిన చోట నాకు ఒక్క దారం కూడా ఊడలేదు. అలాంటి పనివాళ్ల కోసం 2015 నుంచి ఏటా ఆగస్టు 7న చేనేత దినోత్సవం చేస్తున్నారు, కానీ 2020లో సరిగ్గా ఆ రోజుకి కొద్ది రోజుల ముందే, చేనేత విషయాల్లో కేంద్రానికి సలహాలిచ్చే అఖిల భారత చేనేత బోర్డుని రద్దు చేశారు. 1985 చేనేత రిజర్వేషన్ చట్టం ప్రకారం అంచున్న నూలు, పట్టు చీరలు చేనేతకే రిజర్వ్, అంటే పవర్‌లూమ్ మీద నేయకూడదు, అయినా పవర్‌లూమ్ కాపీలు షాపుల్లో బాహాటంగా అమ్ముతున్నారు, ఆపేవాళ్లేరి? ఈ పిల్ల తన కూతురికి పరికిణీ కుట్టాలనుకునే నాటికి కోయడానికి అలాంటి చీర బీరువాలో ఉంటుందా అన్నదే నా భయం.