విలీనం తర్వాత ఏ హబ్ నిలుస్తుంది, ఏ విమానం వెళ్లిపోతుంది?

రెండు విమానయాన సంస్థలు విలీనాన్ని ప్రకటించిన రోజున ఒక హామీ దాదాపు తప్పనిసరిగా వినబడుతుంది. ఏ హబ్‌నూ, అంటే సంస్థ విమానాలు కలిసే, ప్రయాణికులు విమానం మారే కూడలి విమానాశ్రయాన్ని, మూసివేయబోమని, రెండు నెట్‌వర్క్‌లూ ఒకదానికొకటి అతికినట్టు సరిపోతాయని ఉన్నతాధికారులు చెబుతారు. 2008 ఏప్రిల్‌లో అమెరికాలో డెల్టా, నార్త్‌వెస్ట్ సంస్థలు కలుస్తున్నట్టు ప్రకటించినప్పుడు కూడా ఇదే మాట చెప్పారు. అప్పటికి డెల్టాకు అట్లాంటా, సిన్సినాటి, సాల్ట్ లేక్ సిటీ, న్యూయార్క్ హబ్‌లుగా ఉండేవి. నార్త్‌వెస్ట్‌కు మినియాపొలిస్, డెట్రాయిట్, మెంఫిస్, వాటితో పాటు జపాన్‌లోని నరిటా ఉండేవి. 2013 సెప్టెంబరులో మెంఫిస్ హబ్ హోదా పోయింది. ఒకప్పుడు డెల్టా, దాని అనుబంధ సంస్థలు కలిసి రోజుకు 600కు పైగా సర్వీసులు నడిపిన సిన్సినాటిలో విలీనానికి ముందే మొదలైన కోతలు ఆ తర్వాత మరింత లోతుగా సాగి, చివరికి అది కూడా హబ్‌ల జాబితా నుంచి తప్పుకుంది. 2020 మార్చిలో డెల్టా తన టోక్యో సర్వీసులన్నిటినీ అదే నగరపు మరో విమానాశ్రయమైన హనెడాకు తరలించడంతో నరిటా వంతు కూడా పూర్తయింది.

ఆ హామీ ఇచ్చినవారు అబద్ధమాడారని నేను అనను. ఆనాటికి వారికి మూసివేసే ఉద్దేశం లేకపోయి ఉండవచ్చు. కానీ హబ్ మనుగడను తేల్చేవి వేరే ఉన్నాయి: అదే పని చేయగల మరో హబ్ దగ్గరలో ఉందా, ఆ నగరం నుంచి సొంతంగా ఎంతమంది ప్రయాణం చేస్తారు, అక్కడ నడుస్తున్నవి ఏ రకం విమానాలు అన్న ప్రశ్నలకు దొరికే జవాబులు. విలీనం ప్రకటించిన రోజునే ఈ జవాబులు ఎవరికైనా అందుబాటులో ఉంటాయి. అయినా విలీనాలకు అనుమతినిచ్చే పోటీ నియంత్రణ సంస్థలు తూకం వేసేది ఎక్కువగా టికెట్ ధరలనే తప్ప వీటిని కాదు. ఈ లోపమే నాకు అన్నిటికంటే ముఖ్యమైనదిగా కనిపిస్తుంది.

హబ్ లెక్క చాలా సరళమైనది. ఒక హబ్ నుంచి 40 నగరాలకు సర్వీసులు ఉంటే, ఆ 40 నేరు ప్రయాణాలతో పాటు, హబ్‌లో విమానం మారి చేరుకోగల నగరాల జంటలు మరో 780 ఏర్పడతాయి. నలభై ఒకటో నగరాన్ని చేర్చడానికి కావలసింది ఒక్క కొత్త రూటే అయినా, దానివల్ల కొత్తగా కలిసే జంటలు నలభై. కాబట్టి పెద్ద హబ్‌కు మరో సర్వీసును చేర్చితే వచ్చే ప్రయోజనం చిన్న హబ్‌కు చేర్చితే వచ్చేదానికంటే ఎప్పుడూ ఎక్కువే. వేర్వేరు సంస్థల చేతుల్లో ఉన్నంత కాలం దగ్గర దగ్గరగా ఉన్న రెండు హబ్‌లు పోటీలో భాగంగా రెండూ బతుకుతాయి. ఒకే యాజమాన్యం కిందకు వచ్చిన మరుక్షణం నుంచి చిన్నది పెద్దదానికి నకలు అవుతుంది. సిన్సినాటికి, డెట్రాయిట్‌కు మధ్య దూరం 400 కిలోమీటర్లలోపే. మెంఫిస్ నుంచి అట్లాంటాకు 500 కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే, పైగా ఆ అట్లాంటా ప్రపంచంలోనే అత్యంత రద్దీ ఉన్న విమానాశ్రయాల్లో ఒకటి.

దీనికి ఇంధనం ధర తోడైంది. మెంఫిస్, సిన్సినాటి, క్లీవ్‌లాండ్ వంటి చోట్ల హబ్ సర్వీసుల్లో పెద్ద భాగం 50 సీట్ల చిన్న జెట్ విమానాలతో నడిచేది. చమురు చవకగా ఉన్న 1990ల్లో అవి చిన్న పట్టణాలను హబ్‌లకు కలిపే లాభసాటి సాధనాలు. 2008 నాటికి చమురు ధర పెరిగేసరికి, సీటుకు అయ్యే ఇంధన ఖర్చు భరించలేనిదై, సంస్థలు వాటిని వదిలించుకోవడం మొదలుపెట్టాయి. హబ్ మూతపడిందని వార్త వచ్చేనాటికి, దాన్ని నిలబెట్టిన విమానాలు ఎడారిలోని నిల్వ స్థలాలకు చేరడం అప్పటికే మొదలై ఉంటుంది. అందుకే, ఏ హబ్ పోతుందో ముందుగా తెలుసుకోగోరేవారు సంస్థ అధినేత ప్రసంగాలకంటే, ఏ రకం విమానాలకు లీజు గడువు తీరుతున్నదో చూడడం మేలు.

సెయింట్ లూయిస్ కథ వీటన్నిటికంటే కఠినమైనది. సెయింట్ లూయిస్ హబ్‌గా నడుస్తూ దివాలా దశలో ఉన్న టీడబ్ల్యూఏ అనే సంస్థను అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2001లో కొనుగోలు చేసినప్పుడు, కిక్కిరిసిన షికాగో హబ్‌కు సెయింట్ లూయిస్ ఊరటగా ఉపయోగపడుతుందన్నది వాదన. అదే ఏడాది సెప్టెంబరు 11 దాడుల తర్వాత ప్రయాణికులు తగ్గడంతో షికాగోలోనే ఖాళీ ఏర్పడింది. ఒకవైపు షికాగో, మరోవైపు డల్లాస్ ఉండగా మధ్యలో మరో హబ్‌తో పని లేకపోయింది. 2003 నవంబరులో అమెరికన్ అక్కడి సర్వీసులను దాదాపు సగానికి తగ్గించింది. హబ్ రద్దీని తట్టుకోవడానికి వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చుతో తలపెట్టిన కొత్త రన్‌వే 2006లో ప్రారంభమయ్యేనాటికి ఆ రద్దీయే లేదు. విమానయాన సంస్థ విమానాలను మరో నగరానికి పంపగలదు. విమానాశ్రయం తన కాంక్రీటును ఎక్కడికీ పంపలేదు, బాండ్ల అప్పు మాత్రం కడుతూ ఉండాలి.

ఈ అనుభవం తర్వాత ప్రభుత్వాలు రాతపూర్వక హామీలు అడగడం నేర్చుకున్నాయి. 2010లో యునైటెడ్, కాంటినెంటల్ విలీనమైనప్పుడు ఒహాయో రాష్ట్రం తన నగరమైన క్లీవ్‌లాండ్ హబ్ సర్వీసులను నిర్ణీత కాలం పాటు కొనసాగించేలా ఒప్పందం రాయించుకుంది. తొలి గడువు తీరాక లాభనష్టాల లెక్కను బట్టి తగ్గించుకునే వెసులుబాటు అందులోనే ఉంది. 2014 ఫిబ్రవరిలో యునైటెడ్ ఆ హబ్‌ను ఎత్తివేస్తున్నట్టు, రోజువారీ సర్వీసుల్లో సుమారు 60 శాతం తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. పడమట షికాగో, తూర్పున నెవార్క్, ఆగ్నేయాన వాషింగ్టన్ అదే సంస్థకు హబ్‌లుగా ఉన్నప్పుడు ఇంతకంటే వేరే ముగింపును ఊహించడం కష్టం. ఒప్పందం ఆ ముగింపును వాయిదా వేసింది.

2013 డిసెంబరులో పూర్తయిన అమెరికన్, యూఎస్ ఎయిర్‌వేస్ విలీనంలోనూ రాష్ట్రాలు హబ్‌లను మూడేళ్లు కొనసాగించాలన్న షరతు పొందాయి. మూడేళ్లు గడిచిపోయినా చార్లట్ పెరుగుతూనే ఉంది, నేడు డల్లాస్ తర్వాత అమెరికన్‌కు అతి పెద్ద హబ్ అదే. షరతు పని చేసిందని దీన్నిబట్టి అనుకోవడం పొరపాటు. చార్లట్ పెద్ద బ్యాంకుల కేంద్రం, నిర్వహణ ఖర్చు తక్కువ, ఆగ్నేయ అమెరికాలో మయామీ తప్ప ఆ సంస్థకు మరో హబ్ లేదు, మయామీ ముఖం ప్రధానంగా లాటిన్ అమెరికా వైపు ఉంటుంది. షరతు లేకపోయినా చార్లట్ నిలిచేది, షరతు ఉన్నా క్లీవ్‌లాండ్ నిలవలేదు.

దూరం ఒక్కటే ప్రమాణమైతే ఐరోపాలో ఈ లెక్క తప్పాలి. పారిస్, ఆమ్‌స్టర్‌డామ్ మధ్య ఉన్నది 400 కిలోమీటర్లే. అయినా 2004లో ఎయిర్ ఫ్రాన్స్, కేఎల్ఎం ఒకే గ్రూపుగా మారిన తర్వాత రెండు హబ్‌లూ రెండు పేర్లతో కొనసాగుతున్నాయి. ఇక్కడ అడ్డు నిలిచింది చట్టం. విదేశాలకు విమానం నడిపే హక్కులు చాలావరకు దేశాల మధ్య ద్వైపాక్షిక ఒప్పందాల నుంచి వస్తాయి, ఆ హక్కు సంస్థ జాతీయతకు ముడిపడి ఉంటుంది. కేఎల్ఎం డచ్ సంస్థగా మిగలకపోతే ఆమ్‌స్టర్‌డామ్ నుంచి దానికున్న కొన్ని హక్కులు ప్రశ్నార్థకమవుతాయి. దానికి రాజకీయం తోడైంది: 2019లో డచ్ ప్రభుత్వం నిశ్శబ్దంగా షేర్లు కొని గ్రూపులో 14 శాతం వాటాదారుగా మారడం ఫ్రెంచి ప్రభుత్వానికి ఆగ్రహం తెప్పించింది. ఒకే దేశంలో జరిగే విలీనంలో బలహీనమైన హబ్‌కు ఇలాంటి కవచమేదీ ఉండదు.

రూట్ల సంగతికి వస్తే, ప్రయాణికులు భయపడేటంత ఏకపక్షంగా ఉండదు. రెండు సంస్థలూ ఒకే రూట్‌లో ఉదయం ఏడింటికే విమానం నడుపుతుంటే, విలీనం తర్వాత ఒకటి పదింటికి మారుతుంది. ప్రయాణికులకు అది మేలే. రెండు చిన్న విమానాల స్థానంలో ఒక పెద్దది రావచ్చు. విడివిడిగా నిండని సుదూర రూటు, రెండు వైపులా ప్రయాణికులను చేర్చే నెట్‌వర్క్ దొరికాక నిండుతుంది. నష్టం ప్రధానంగా ఇద్దరే పోటీదారులున్న నేరు రూట్లలో ఉంటుంది, నియంత్రణ సంస్థలు దృష్టి పెట్టేది అక్కడే. 2013 నాటి అమెరికన్, యూఎస్ ఎయిర్‌వేస్ కేసులో వాషింగ్టన్ రీగన్ విమానాశ్రయంలో 104 స్లాట్లను (విమానం దిగడానికో, ఎగరడానికో కేటాయించిన సమయాలను), న్యూయార్క్ లాగార్డియాలో 34 స్లాట్లను తక్కువ ధరల సంస్థలకు వదులుకోవలసి వచ్చింది. కొరియన్ ఎయిర్, ఏషియానా విలీనానికి ఐరోపా కమిషన్ 2024 ఫిబ్రవరిలో పెట్టిన షరతు ఇంకా విచిత్రమైనది. సియోల్ నుంచి బార్సిలోనా, ఫ్రాంక్‌ఫర్ట్, పారిస్, రోమ్ రూట్లను టీవే అనే చిన్న సంస్థ చేపట్టాలి, అందుకు కావలసిన పెద్ద విమానాలను, పైలట్లను కొరియన్ ఎయిరే సమకూర్చింది. తన పోటీదారుకు తానే రెక్కలు అరువివ్వడం పోటీని ఎంతకాలం కాపాడుతుందన్నది నాకు అనుమానమే.

ఈ పరిష్కారాలన్నీ రెండు నగరాల మధ్య టికెట్ ధర చుట్టూ తిరుగుతాయి. హబ్ కోల్పోయిన నగరం నష్టపోయేది మరో విధంగా. అక్కడి నుంచి ఒక్క విమానంలో చేరగలిగిన డజన్ల కొద్దీ ఊళ్లు రెండు విమానాల దూరానికి జరుగుతాయి, సమావేశాలు, కార్యాలయాలు మెల్లగా వేరే చోట్లు వెతుక్కుంటాయి. పోటీ చట్టంలో దీనికి పేరు లేదు, కాబట్టి స్లాట్ల రూపంలో పరిహారమూ లేదు. పైగా హబ్ పోయాక తక్కువ ధరల సంస్థలు వచ్చి టికెట్లు చవకైతే, సిన్సినాటిలో చాలావరకు జరిగింది అదే, ధరల లెక్కలో ఆ నగరం లాభపడినట్టే కనిపిస్తుంది. ఈ రెండు నిజాలనూ కలిపి తూచే పద్ధతి ఇంతవరకు రాలేదు.

విమానాల విషయంలో మార్పు అన్నిటికంటే ఆలస్యంగా వచ్చినా అన్నిటికంటే లోతుగా ఉంటుంది. పైలట్ ఒక రకం విమానానికి శిక్షణ పొందితే మరో రకాన్ని వెంటనే నడపలేడు. సిమ్యులేటర్లు, విడిభాగాలు, మెకానిక్‌ల లైసెన్సులు అన్నీ రకాన్ని బట్టే. బోయింగ్ 737 విమానాలతో నడిచే అలాస్కా ఎయిర్‌లైన్స్ 2016 చివర్లో ఎయిర్‌బస్ విమానాలున్న వర్జిన్ అమెరికాను కొన్నాక, వాటన్నిటినీ వదిలించుకోవడానికి 2023 సెప్టెంబరు వరకు పట్టింది. సౌత్‌వెస్ట్ మరింత తొందరపడింది. 2011లో ఎయిర్‌ట్రాన్‌ను కొని, దాని 88 బోయింగ్ 717 విమానాలను డెల్టాకు లీజుకిచ్చింది. డెల్టా వాటిని 50 సీట్ల జెట్‌ల స్థానంలో దింపింది. ఒక విలీనంలో మిగిలిపోయిన విమానాలు మరో విలీనపు నెట్‌వర్క్‌ను తిరగరాయడానికి ఉపయోగపడ్డాయన్నమాట.

డెల్టా మాత్రం ఒకే రకం విమానాలన్న సూత్రాన్ని పెద్దగా పట్టించుకోలేదు. నార్త్‌వెస్ట్ నుంచి వచ్చిన వయసు మళ్లిన డీసీ-9లను 2014 జనవరి వరకు, 747లను 2017 డిసెంబరు వరకు నడిపింది. నార్త్‌వెస్ట్ ఆర్డరు చేసిన 18 బోయింగ్ 787లను మాత్రం వాయిదా వేస్తూ వచ్చి 2016లో రద్దు చేసుకుంది. అప్పు తీరిన పాత విమానం ఇంధనం ఎక్కువ తాగినా, కొత్తదాని వాయిదాలకంటే చవక కావచ్చునన్నది వారి లెక్క. ఇంత పెద్ద సంస్థ కాబట్టే పలు రకాలను నడిపే ఖర్చును భరించగలిగింది.

అసలు చిక్కు విమానాల కంటే వాటిని నడిపేవారి సీనియారిటీ జాబితాలో ఉంది. ఎవరు పెద్ద విమానానికి మారతారు, ఎవరు ఏ నగరంలో పనిచేస్తారు అన్నవి ఆ జాబితాను బట్టే తేలతాయి. డెల్టా, నార్త్‌వెస్ట్ పైలట్లతో విలీనం పూర్తికాకముందే ఉమ్మడి ఒప్పందం కుదిరింది. 2005లో యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ కలిసినా వారి పైలట్లు తర్వాతి విలీనం వచ్చేవరకు రెండు జాబితాలుగానే మిగిలారు. ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ 2007లో కలిసినప్పుడు కాగితం మీద చక్కటి జోడీ: ఒకదానికి బోయింగ్‌లు, అంతర్జాతీయ రూట్లు, మరోదానికి ఎయిర్‌బస్‌లు, దేశీయ నెట్‌వర్క్. రెండూ కలిసి 111 కొత్త విమానాలకు ఆర్డర్లు ఇచ్చి ఉన్నాయి. కానీ రిజర్వేషన్ వ్యవస్థలు ఒకటి కావడానికే 2011 వచ్చింది. 787 శిక్షణలో ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లకు చోటివ్వడంపై 2012లో ఎయిరిండియా పైలట్లు దాదాపు రెండు నెలలు సమ్మె చేశారు. దేశీయ విమానం దిగిన ప్రయాణికుడు అదే సంస్థ అంతర్జాతీయ విమానం సులువుగా ఎక్కలేనప్పుడు, ముందు చెప్పిన నలభై నగరాల లెక్కకు అర్థమే లేదు.

2024 నవంబరు 12న విస్తారా ఎయిరిండియాలో కలిసినప్పుడు మరింత జాగ్రత్త కనిపించింది. విస్తారా విమానాలను అదే సిబ్బందితో, అదే సీట్లతో, 2తో మొదలయ్యే నాలుగంకెల ఫ్లైట్ నంబర్లతో నడిపించారు. తెలిసిన ప్రయాణికులు ఆ అంకె చూసి టికెట్ కొన్నారంటే, రెండు సంస్థల విమానాల లోపలి తేడా ఎంతటిదో ఊహించవచ్చు.

ఇప్పుడు అందరూ గమనించవలసిన విలీనం అలాస్కా, హవాయియన్ ఎయిర్‌లైన్స్‌లది. 2024 సెప్టెంబరులో పూర్తయిన ఈ కొనుగోలుతో, అంతవరకు పెద్ద విమానాలే లేని అలాస్కాకు ఎయిర్‌బస్ ఏ330లు, బోయింగ్ 787లు దక్కాయి. వాటితోనే 2025లో సియాటిల్ నుంచి టోక్యో, సియోల్ సర్వీసులు మొదలయ్యాయి, రోమ్ సర్వీసునూ ప్రకటించారు. పెద్ద విమానాలు హొనొలులు నుంచి సియాటిల్ వైపు జరుగుతున్నాయి. సియాటిల్ పెద్ద నగరం, వ్యాపార ప్రయాణికులు ఎక్కువ, ఆసియాకు, ఐరోపాకు రెండింటికీ అనువైన చోటు. హొనొలులు పసిఫిక్ మధ్యలో ఉంది, దానికి దగ్గరలో పోటీ హబ్ లేకపోవడం బలమే అయినా, అక్కడికి వచ్చేవారిలో విహారయాత్రికులే ఎక్కువ, విమానం మారేవారు తక్కువ. దీవుల మధ్య సర్వీసులతో సహా అమెరికా రవాణా శాఖ విధించిన రక్షణలకు గడువు ఆరేళ్లు. దీవుల మధ్య ప్రయాణానికి విమానం తప్ప దాదాపు మరో దారి లేదు కాబట్టి ఆ సర్వీసులకు 2030 తర్వాత కూడా పెద్దగా ప్రమాదం ఉండదని నా అంచనా. హొనొలులు నుంచి ఆసియాకు నేరుగా నడిచే సుదూర రూట్ల గురించి అదే ధీమాతో చెప్పలేను.