645 ఉద్యోగాలు, ఒక్కడే గుమాస్తా

ఇంగ్లీషు భాషలో ఇంత వెట్టిచాకిరీ నడుస్తుంటే ఇన్నాళ్లూ ఎవరూ నోరు విప్పకపోవడం విచారకరం. బాధితుడి పేరు రన్. ఒంట్లో ఉన్నవి మూడే అక్షరాలు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు వాళ్లు ఈ ఒక్క క్రియాపదం ఎన్ని అర్థాలు మోస్తోందో లెక్క తీస్తే 645 తేలాయి. ఆ లెక్క తేల్చడానికి పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడికి తొమ్మిది నెలలు పట్టింది. నవమాసాలు మోశాక ఎవరికైనా బిడ్డ పుడుతుంది, ఆయనకి ఒక ఎంట్రీ పుట్టింది.

అరబ్బీలో పరిస్థితి ఎలా ఉందో చూద్దామని నేర్చుకోవడానికి కూర్చున్నాను. మొదటి వారంలోనే "రన్‌ని అరబ్బీలో ఏమంటారండీ?" అని అడిగాను. మాస్టారు పెన్ను కింద పెట్టి, "ఎవరు? దేనికి? కాళ్లున్నాయా?" అని నన్నే ఎదురు ప్రశ్నలు వేశారు. ఫిర్యాదు ఇద్దామని వెళ్తే మనల్నే నిలదీసినట్టయింది.

ఆయన అడగడం న్యాయమే. మనిషి కాళ్లతో పరుగెత్తితే రకద. నీళ్లు పారితే జరా. దొంగ పారిపోతే హరబ. సరుకు నిండుకుంటే నఫిద. దారిలో పాత స్నేహితుడు తగిలితే సాదఫ, కారు మనిషి మీదుగా పోతే దహస. యంత్రాన్ని ఆడిస్తే షగ్గల, అంటే దానికి పని పెట్టడం. ఇంగ్లీషులో ఇవన్నీ రన్ ఒక్కడి డ్యూటీలే. పక్కన అవుట్ అనో, ఇంటూ అనో, ఓవర్ అనో ఒక చిన్న సహాయకుణ్ణి తోడిచ్చి పంపిస్తారు. జీతం మాత్రం పెంచరు.

కంపెనీ సంగతి చూడండి. ఇంగ్లీషువాడు దాన్ని పరుగెత్తిస్తాడు. మనం నడుపుతాం. మనకి నడిస్తే చాలు, ఆయాసం ఎందుకు? అరబ్బీవాడు మాత్రం తిప్పుతాడు. అదార అంటే గుండ్రంగా తిప్పడం, అందుకే అక్కడ మేనేజర్‌ని ముదీర్, అంటే తిప్పేవాడు అంటారు. నేను ఇంతవరకూ పనిచేసిన మేనేజర్లందరినీ ఒకసారి తలుచుకున్నాను. ఈ విషయంలో నా ఓటు అరబ్బీకే.

ఓటంటే గుర్తొచ్చింది. ఎన్నికలొస్తే అమెరికా అభ్యర్థి రన్ చేస్తాడు, బ్రిటన్ అభ్యర్థి స్టాండ్ అవుతాడు. తెలుగులోనూ నిలబడడమే. అరబ్బీ అభ్యర్థి తరష్షహ అవుతాడు. అరబ్బీ మాటలు ఎక్కువగా మూడు హల్లుల వేరు నుంచి పుడతాయి. దీని వేరు ర-ష-హ, అంటే ఊరడం, కారడం. తర్షీహ్ అనే మాటకి అభ్యర్థిగా నిలపడం అనే అర్థమూ ఉంది, వడగట్టడం అనే అర్థమూ ఉంది. అదే వేరు నుంచి వచ్చిన రష్హ్ అంటే ముక్కు కారే జలుబు. ఇటు ఇంగ్లీషులో కూడా నాయకుడూ రన్ చేస్తాడు, ముక్కూ రన్ అవుతుంది. ఏ చుట్టరికమూ లేని రెండు భాషలు విడివిడిగా ఆలోచించి నాయకుణ్ణి, కారే ముక్కుని ఒకే గూటికి చేర్చాయి. కాకతాళీయం అని కొట్టిపారేయడానికి భాషాశాస్త్రజ్ఞులు సిద్ధంగా ఉన్నారు. నేను లేను.

ఇక 2021 మార్చి. 400 మీటర్ల పొడవున్న ఎవర్ గివెన్ అనే ఓడ సూయజ్ కాలువలో అడ్డంగా ఇరుక్కుని ఆరు రోజులు కదల్లేదు. ఇంగ్లీషులో దానికీ రన్నే వాడారు, రాన్ అగ్రౌండ్ అట! కదల్లేని దాన్ని పట్టుకుని పరుగెత్తింది అనడానికి గుండెధైర్యం కావాలి. క్రికెట్లోనూ ఇదే వరస. బంతి బౌండరీ దాటితే బ్యాట్స్‌మన్ నిలుచున్న చోటే నిలుచుంటాడు, ఖాతాలో నాలుగు పరుగులు పడతాయి. ఆ తప్పుడు లెక్కని మనం తెలుగులోకి కూడా యథాతథంగా దించుకున్నాం. అరబ్బీలో మాత్రం ఓడ అలా ఒరిగి ఇరుక్కోవడాన్ని జునూహ్ అంటారు. బాలనేరస్థుల దారి తప్పడానికీ అదే మాట. అంటే ఆ ఓడ పరుగెత్తలేదు, చెడు సావాసం పట్టింది. నాకు ఇదే సబబుగా ఉంది.

అలాగని అరబ్బీ పులుకడిగిన ముత్యమేం కాదు. ఇంగ్లీషుది వెట్టిచాకిరీ అయితే దీనిది బంధుప్రీతి. మూడు హల్లుల కుటుంబం ఒకటి దొరికితే చాలు, ఉన్న పదవులన్నీ ఇంటివాళ్లకే. పైగా దానికీ ఒక రన్ ఉన్నాడు, పేరు ఐన్. ఐన్ అంటే కన్ను. నీటి ఊట కూడా. గూఢచారి కూడా. బంగారు నాణెం కూడా. ఒక వస్తువు అసలు స్వరూపం కూడా. ఇవి చాలక అదో అక్షరం. 8వ శతాబ్దంలో తొలి అరబ్బీ నిఘంటువుకి పూనుకున్న అల్ ఖలీల్, అక్షరాలని గొంతు లోతు నుంచి పెదవుల దాకా వరుస పెట్టి, ఐన్‌తోనే మొదలుపెట్టాడు. పుస్తకం పేరు కూడా అదే పెట్టారు. మౌలా అనే మాట సంగతి మరీ ఘోరం. యజమానీ మౌలాయే, అతను విడుదల చేసిన బానిసా మౌలాయే. "మౌలా నన్ను కొట్టాడు" అని సాక్షి చెబితే జడ్జిగారు ఏం రాసుకోవాలి?

ఇక్కడ ఒక ప్రమాద హెచ్చరిక. "ఏమైంది?" అని అడగడానికి అరబ్బీలో మా జరా అంటారు, అక్షరాలా ఏం పారింది అని. మనమేమో "ఏం జరిగింది?" అంటాం. మనకీ జరగడం అంటే కదలడమే, "కొంచెం అటు జరగండి" అంటాం కదా. అర్థం ఒకటే, చప్పుడూ ఒకటే. ఇది ఉత్త పోలిక, రెండు మాటలకీ ఏ సంబంధమూ లేదు. కానీ దయచేసి ఈ సంగతి ఉత్సాహవంతుల చెవిన పడనివ్వకండి. సాయంత్రానికల్లా అరబ్బులకి మాటలు నేర్పింది మనమేనని తేల్చేస్తారు.

నిజంగా అటు నుంచి వచ్చిన చుట్టం వేరే ఉంది. అదే జరా నుంచి పుట్టిన జారీ. అరబ్బీలో జారీ అంటే పారుతున్నది, పరుగులో ఉన్నది. పారసీ, ఉర్దూల మీదుగా వచ్చి మన ఆఫీసుల్లో స్థిరపడింది. నా దరఖాస్తు మీద ఉత్తర్వు జారీ అయి రెండేళ్లు దాటింది. మొన్న వెళ్లి అడిగాను. అదే బల్ల మీద, అదే కట్టలో, ఇంకా పరుగెడుతూనే ఉంది.