ముహూర్తం కాదు, వారాలు చూడండి

పంచాంగం చూసి, ఫలానా గంటకు ఆపరేషన్ చేయాలని అడిగే కుటుంబాలు మన దగ్గర తక్కువేమీ కాదు. ఆ గంట కోసం కాన్పును 39 వారాల నుంచి 37కో 38కో జరిపితే బిడ్డకు ఏం తగ్గుతుందో మాత్రం ఎవరూ అడగరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. దేశ సగటు 21.5. పుట్టిన గంటలోపు తల్లిపాలు తాగిన పిల్లలు రాష్ట్రంలో 37.1 శాతమే. ఈ అంకెలను విడదీసి చూడలేం.

కడుపులో చివరి వారాల్లో బిడ్డ వారానికి సుమారు 200 గ్రాములు పెరుగుతుంది. చర్మం కింద కొవ్వు, ఒంట్లో ఇనుము నిలవ చేరేది అప్పుడే. 37 వారాలకే తీసిన బిడ్డ చూడ్డానికి నిండుగానే ఉండొచ్చు. కానీ చాలాసార్లు నాలుగు గుక్కలు తాగేసరికి అలసి నిద్రలోకి జారుకుంటుంది. ‘మా పాప బంగారం, ఏడవనే ఏడవదు’ అని అమ్మమ్మ మురిసిపోతుంది. నిజానికి ఆ పాపకు ఆకలేసినా ఏడ్చే ఓపిక లేదు. తాగక నీరసం, నీరసంతో మళ్లీ తాగకపోవడం, పైన కామెర్లు. రొమ్ములో పాలు మిగిలిపోతుంటే కొత్తగా ఊరడమూ తగ్గుతుంది. నాలుగో రోజుకు ‘పాలు పడలేదు’ అంటూ డబ్బా వచ్చేస్తుంది.

వారాల లెక్కా తప్పొచ్చు. తొలి మూడు నెలల స్కాన్‌లో తేడా వారంలోపే. చివరి నెలల స్కాన్‌లో అది రెండు మూడు వారాలు. 37 అనుకున్న బిడ్డ 35 కావచ్చు.

తల్లికి బీపీ పెరిగినా, బిడ్డ గుండె కొట్టుకోవడంలో తేడా వచ్చినా ఆగకూడదు. అక్కడ డాక్టర్ మాటే మాట. మా అభ్యంతరం ముహూర్తం మీదే.

ఆపరేషనైనా తొలి గంట పోనక్కర్లేదు. వెన్నుకు మత్తిచ్చిన తల్లి మెలకువగానే ఉంటుంది. కుట్లు వేస్తుండగానే బిడ్డను తుడిచి ఆమె ఛాతీ మీద పడుకోబెట్టవచ్చు, నర్సు పక్కనే కనిపెట్టుకుని ఉండాలి. తొలిరోజు ఒక్కో విడతకు చెంచాడు ముర్రుపాలు చాలు. తేనె, పంచదార నీళ్లు వద్దు. నోరు బాగా తెరిచి, కింది పెదవి బయటికి తిరిగి, గడ్డం రొమ్ముకు ఆనితే పట్టు సరిగా ఉన్నట్టు. చనుమొన ఒక్కటే నోట్లో ఉంటే పుండ్లు పడతాయి, పాలూ రావు. కుట్లు నొస్తుంటే తల్లి పక్కకు తిరిగి పడుకుని పట్టాలి. బిడ్డ చీకలేకపోతే పాలు చేత్తో పిండి ఉగ్గుగిన్నెతో పోయాలి. నిద్రపోతున్నా రెండు మూడు గంటలకోసారి లేపాలి.

తొలి రోజుల్లో బరువు కొంత తగ్గడం మామూలే. పదో వంతు, అంటే 3 కిలోల బిడ్డకు 300 గ్రాములు తగ్గితే వెంటనే డాక్టర్‌కు చూపించాలి. ఐదో రోజు నుంచి రోజుకు కనీసం ఆరుసార్లు గుడ్డ తడవాలి. రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువు తిరిగి రావాలి.

ప్రతి ఆస్పత్రీ డిశ్చార్జి కాగితం మీద నాలుగు వివరాలు రాసేలా ప్రభుత్వాలు ఆదేశించాలి: ఎన్ని వారాలకు కాన్పు, ముందుగా చేసి ఉంటే కారణం, తొలిసారి పాలు పట్టిన సమయం, ఇంటికి వెళ్లేనాటి బిడ్డ బరువు.