మహారాజశ్రీ 11:35 గారి సముఖమునకు

అయ్యా,

మ్యూనిక్ నుంచి నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. తమరూ క్షేమంగానే ఉంటారని తెలుసు, ఎందుకంటే తమరికి పిల్లల్లేరు.

నేనెవరో గుర్తుండకపోవచ్చు. పెంటెకోస్ట్ సెలవుల్లో ఒక శుక్రవారం నాడు, నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట గేటు ముందుకి ఒక చంకలో నాలుగేళ్ళ పిల్లాణ్ణి, ఇంకో చేత్తో వాడి ఎడమ కాలి బూటుని పట్టుకుని పరిగెత్తుకొచ్చిన మనిషిని నేనే. తమరు మా టికెట్ మీద అచ్చయిన ప్రవేశ సమయం. ఆ కోట రాజు రెండో లుడ్విగ్ అని అందరూ చెబుతారు. చూసొచ్చిన దాన్ని కాబట్టి అంటున్నాను, ఆ మాట 1886 దాకానే నిజం. అప్పట్నుంచీ అక్కడ ఏలుబడి తమరిదే.

తమరి దర్శనం కోసం మూడు వారాల ముందే కంప్యూటర్ ముందు కూర్చున్నాం. ఊరి నుంచి అత్తయ్యగారు, మావయ్యగారు వచ్చి ఉన్నారు. "జర్మనీ దాకా వెళ్ళి ఆ కోట చూడకుండా వస్తారా" అని కాలనీ వాట్సాప్ గ్రూపు ఆవిణ్ణి ముందే ఎక్కించి పంపింది. పదింటికి అడిగాం, లేదు. పదిన్నరకి లేదు. మా ఆరుగురికీ కలిపి చోటు దొరికింది తమరొక్కరి దగ్గరే. మా ఆయన డబ్బు కట్టేశాక అత్తయ్యగారు క్యాలెండర్ తీశారు.

"శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు రాహుకాలం కదమ్మా!"

మావయ్యగారు రిటైరైన లెక్కల మాస్టారు. "అది మన సూర్యోదయానికి కట్టింది. ఇక్కడ ఐదుంబావుకే తెల్లారుతోంది, రాత్రి తొమ్మిదైతే గానీ పొద్దు గుంకట్లేదు. పగటిని ఎనిమిది భాగాలు చెయ్యాలి, శుక్రవారానికి నాలుగోది" అంటూ కరెంటు బిల్లు వెనక పెన్సిల్‌తో లెక్క కట్టారు. పదకొండుంబావు నుంచి ఒంటిగంటా పది దాకా తేలింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "ఎటు చూసినా అందులోనే ఉన్నాం" అన్నారు.

పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు అక్కడ ప్రవేశ రుసుము లేదు. వాళ్ళు డబ్బు కట్టక్కర్లేదు గానీ తమరికి మాత్రం కట్టుబడి ఉండాలి. ఆ సంగతి వాళ్ళకు ఎవరు చెప్పాలి?

ఆ రోజు చీకట్లోనే లేచాం. ఫ్యూసెన్‌కి రైల్లో రెండు గంటలు, అక్కణ్ణుంచి బస్సులో కొండ కింది ఊరు హోహెన్‌ష్వాన్‌గావ్‌కి. పది కొట్టేసరికి దిగాం. ఇంకా గంటన్నర ఉంది కదా అని ఆల్ప్‌సే చెరువు ఒడ్డున బెంచీ మీద అత్తయ్యగారు పులిహోర డబ్బా మూత తీశారు. మా కొంప మునిగింది అక్కడే. పులిహోర తర్వాత పెరుగన్నం ఉంటుందని, పెరుగన్నం తర్వాత చేతులు కడుక్కోవాలని, చెరువులో చెయ్యి పెట్టిన పిల్లాడు చొక్కా కూడా తడుపుకుంటాడని తమరి నియమావళిలో ఎక్కడా రాయలేదు.

కింది నుంచి కోట దాకా నడక ముప్పై, నలభై నిమిషాలట. అది కొలిచినవాడెవరో గానీ, వాడి వేలు పట్టుకుని నాలుగేళ్ళవాడు లేడని మాత్రం ఒట్టేసి చెప్పగలను. ఆ దారినే గుర్రబ్బళ్ళు తిరుగుతాయి. అవి కూడా గేటు దాకా పోవు, కాస్త కిందనే దించేస్తాయి. బండి ఎక్కలేదు గానీ గుర్రాల లద్దె మాత్రం దారి పొడుగునా మాకు దక్కింది. మావాడు ఒక్కో కుప్ప దగ్గరా ఆగాడు. ఇది పెద్దది. ఇది తడిగా ఉంది. దీంట్లో గడ్డి కనిపిస్తోంది చూడమ్మా. పదిహేడో కుప్ప దగ్గర ఫోను చూసుకుంటే 11:10. కొండ మీద తెల్లటి బురుజులు ఇంకా అల్లంత దూరంలో ఉన్నాయి. మావయ్యగారు ఒక రాయి మీద కూర్చుని, "గోల్కొండలో అయితే కింద చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినపడుతుంది. కొట్టి చూద్దామా, ఆపుతారేమో" అన్నారు. నాకు నవ్వు రాలేదు. టెన్షన్‌లో ఉన్నాను.

11:31కి గేటు ముందున్నాం. అప్పుడు మా పెద్దది నా చెవిలో ఒక మాట చెప్పింది. ఏం చెప్పిందో తమరికి వేరే చెప్పక్కర్లేదు, అక్కడ రోజూ వింటూనే ఉంటారు. ఆ నాలుగు నిమిషాల్లో మా ఆయన దాన్ని తీసుకుని పరిగెత్తిన పరుగు పెళ్ళిచూపుల నాడు చూపించి ఉంటే కట్నం ఇంకాస్త అడిగేవాళ్ళేమో. తెర మీద తమరు వెలిగారు. ఆరుగురం లోపల పడ్డాం.

అయ్యా, నాకొక సందేహం. ఆ లుడ్విగ్ మహారాజు పగలంతా నిద్రపోయి రాత్రిళ్ళు మేలుకునేవాడట. అంటే ఆయనే గనక మాలా టికెట్ కొనుక్కుని ఉంటే, 11:35కి దుప్పటి ముసుగులో ఉండేవాడు. టికెట్ మురిగిపోయేది. 1869లో పునాది వేసిన ఇల్లు, పదిహేడేళ్ళయినా పూర్తి కాలేదు. మొత్తం కలిపినా అందులో ఆయన ఉన్నది 172 రోజులంటారు. మనుషుల మొహం చూడ్డం ఇష్టంలేక కొండెక్కి కట్టుకున్నాడు పాపం. 1886 జూన్‌లో ఆయన్ని పిచ్చివాడని తేల్చి అక్కణ్ణుంచే పట్టుకుపోయారు. మర్నాడు స్టార్న్‌బర్గ్ సరస్సులో శవమయ్యాడు. సరిగ్గా ఏడు వారాలకి, ఆగస్టు 1న, టికెట్ పెట్టి జనాన్ని లోపలికి వదిలారు. మా వైపు ఏడాది తిరిగేదాకా ఇంట్లో పండగైనా చేసుకోం.

లోపల మాకు అరగంట. ఫోటోలు తియ్యకూడదు, ఆగకూడదు, ముందు గుంపుని తొక్కకూడదు, వెనక గుంపుకి దొరక్కూడదు. సింహాసనం గదికి తీసుకెళ్ళారు. నేల మీద రంగురాళ్ళతో జంతువులు, పైన కిరీటంలాంటి పెద్ద దీపాల గుత్తి, చలవరాతి మెట్లు. మెట్ల మీద ఏమీ లేదు. సింహాసనం తయారు కాకముందే రాజు పోయాడు.

"రాజు కుర్చీ ఏదీ?" అన్నాడు మావాడు.

"చెయ్యలేదు నాన్నా."

"మరి రాజు నేల మీద కూచున్నాడా?"

గుంపంతా నవ్వింది. గైడు కూడా నవ్వి, వాచీ చూసుకుంది.

పడగ్గదిలో చెక్కపని గురించి పద్నాలుగుమంది వడ్రంగులు, నాలుగేళ్ళ పైచిలుకు అని చెప్పుకుపోతున్నారు. మా పెద్దదానికి అవేం పట్టలేదు. మొహం కడుక్కునే చోట హంస బొమ్మ ఉంది, దాని నోట్లోంచే నీళ్ళు వస్తాయి. పిల్ల అక్కడ కాళ్ళు పాతేసింది. ఆ మెడ ఎలా వంగింది, నీళ్ళు ముక్కులోంచి రావా, పైన ట్యాంకు ఉందా. కొండ పైన ఊట నుంచి పైపులేసి తెచ్చారని, ఆ రోజుల్లోనే వేడిగాలితో గదులు వెచ్చబెట్టారని చెబుదామని నోరు తెరిచాను. వెనక 11:40 గారి గుంపు గుమ్మంలోకి వచ్చేసింది. హంసని వదిలేసి కదిలాం.

హైడెల్‌బర్గ్ కోటలో మాకీ బాధ లేకపోయింది. ముంగిట్లో, పీపా గదిలో తమరి పెత్తనం సాగదు. 1751 నాటి ద్రాక్షసారా పీపా, దాదాపు 2,20,000 లీటర్లది. మెట్లెక్కి దాని నెత్తి మీదే పిల్లలు గంతులేశారు. మావయ్యగారు ఎన్ని బిందెలవుతుందో లెక్క కట్టేదాకా ఎవరూ కదలమనలేదు.

అయినా తమరిని వదిలించుకోవడం మావల్ల కాదు. వచ్చే నెల మా అమ్మానాన్న వస్తున్నారు, వాళ్ళకూ ఆ తెల్లకోటే కావాలట. నిన్న రాత్రి చూస్తే సోమవారం 9:05 ఒక్కటే మిగిలుంది. కొనేశాను. సోమవారం రాహుకాలం తొమ్మిదింటికే అయిపోతుందని అమ్మ ఫోన్లో తెగ సంబరపడింది. మావయ్యగారి పెన్సిల్ లెక్కలో మాత్రం తొమ్మిదీ ఇరవై దాకా ఉంది. అమ్మకి చెప్పలేదు.

ఇట్లు,
తమరి ప్రజల్లో ఒకతె