పోటీ ఇద్దరిదే, లెక్క తేల్చేది మూడోవాడు

టెన్నిస్‌లో ముఖాముఖి ఆడిన మ్యాచ్‌ల్లో గెలుపులు: నాదల్ 24, ఫెదరర్ 16. ఇద్దరిలో ఎవరు గొప్ప అన్న వాదన మొదలైతే చాలు, నాదల్ అభిమానులు ముందుగా బయటికి తీసే అంకె ఇది. అంకెలో తప్పేమీ లేదు. కానీ కోర్టుల వారీగా విడదీసి చూడండి. మట్టి కోర్టు మీద 16 సార్లు తలపడితే 14 నాదల్‌వే. హార్డ్ కోర్టు మీద ఫెదరర్ 11, నాదల్ 9. గ్రాస్ మీద ఆడిందే నాలుగు, వాటిలో మూడు ఫెదరర్‌వి.

మట్టి మీద పదహారు, గ్రాస్ మీద నాలుగే ఎందుకు? గ్రాస్ సీజన్ చిన్నది, నిజమే. అయితే ఇంకో సంగతి కూడా ఉంది. ఫెదరర్ మట్టి మీద కూడా చివరిదాకా వచ్చి నాదల్ చేతిలో ఓడేవాడు. నాదల్ మాత్రం గ్రాస్ మీద ఆడే వింబుల్డన్‌లో చాలా ఏళ్లు ఫెదరర్ దాకా రానే లేదు. 2012లో 100వ ర్యాంకర్ రోసోల్, 2013లో 135వ ర్యాంకర్ డార్సిస్, 2014లో 144వ ర్యాంకర్ కిర్గియోస్, 2015లో 102వ ర్యాంకర్ డస్టిన్ బ్రౌన్ అతన్ని ఇంటికి పంపారు. అదే నాలుగేళ్లలో ఫెదరర్ మూడుసార్లు ఫైనల్ ఆడాడు. నాదల్‌కు ఆ ఓటములు బాధ మిగిల్చి ఉండొచ్చు గానీ, ముఖాముఖి రికార్డుకు మాత్రం మేలే చేశాయి. ఫెదరర్‌కు బాగా అచ్చొచ్చిన కోర్టులో ఆడే పని తప్పింది కదా!

యుఎస్ ఓపెన్‌లో ఐతే వీళ్లిద్దరూ ఒక్కసారి కూడా తలపడలేదు. 2008 సెమీస్‌లో నాదల్‌ను ముర్రే ఆపాడు. 2009లో డెల్ పొట్రో సెమీస్‌లో నాదల్‌ను 6-2, 6-2, 6-2తో చితక్కొట్టి, ఫైనల్లో ఫెదరర్‌ను కూడా ఓడించాడు. 2010లో, 2011లో జకోవిచ్ సెమీస్‌లో రెండేసి మ్యాచ్ పాయింట్లు (పోతే మ్యాచే పోయే పాయింట్లు) కాచుకుని ఫెదరర్‌ను పంపించేశాడు. 2013లో రోబ్రెడో, 2017లో మళ్లీ డెల్ పొట్రో ఫెదరర్‌నే ఆపారు. గత తరంలో అందరూ ఎక్కువగా మాట్లాడుకున్న పోటీకి న్యూయార్క్‌లో ఒక్క మ్యాచ్ కూడా దక్కకపోవడం మూడోవాళ్ల పుణ్యమే.

ఈ మూడోవాళ్లందరిలో నేను పెద్దపీట వేసేది స్వీడన్ ఆటగాడు రాబిన్ సోదర్లింగ్‌కు. 2009 మే 31న పారిస్ మట్టి కోర్టుల మీద జరిగే రోలాండ్ గారోస్ (ఫ్రెంచ్ ఓపెన్) ప్రిక్వార్టర్స్‌లో 23వ సీడ్‌గా (సీడ్ అంటే టోర్నీలో మేటి ఆటగాళ్లకు ఇచ్చే వరస సంఖ్య) నాదల్‌ను 6-2, 6-7, 6-4, 7-6తో ఓడించాడు. అప్పటికి అక్కడ నాదల్ ఆడిన 31 మ్యాచ్‌లూ గెలిచాడు. కొన్ని వారాల ముందే రోమ్‌లో ఇదే సోదర్లింగ్‌ను 6-1, 6-0తో ఊడ్చేశాడు కూడా. నాదల్ మోకాళ్లు బాగా లేవని తర్వాత అన్నారు. నిజమే, ఆ ఏడాది అతను వింబుల్డన్ ఆడలేదు. కానీ ఆ ఫోర్‌హ్యాండ్లు కొట్టింది నాదల్ మోకాళ్లు కాదు.

బంతిని ముందుకు గిరగిరా తిరిగేలా కొట్టే నాదల్ టాప్‌స్పిన్‌కు బంతి భుజం ఎత్తుకు లేస్తుంది. ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్ ఆడే ఫెదరర్‌ను ఏళ్ల తరబడి ఏడిపించింది అదే. 193 సెంటీమీటర్ల సోదర్లింగ్‌కు, అదీ రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్‌తో, ఆ ఎత్తు చక్కగా కొట్టడానికి వీలైన ఎత్తు. వెనక్కి తగ్గకుండా ప్రతి బంతినీ తిన్నగా, బలంగా బాదాడు. భయపడే రకమూ కాదు. 2007 వింబుల్డన్‌లో వానల వల్ల రోజుల తరబడి సాగిన మ్యాచ్‌లో నాదల్ నిక్కరు సర్దుకునే అలవాటును అందరి ముందూ అనుకరించి చూపించిన మనిషి. మర్యాద కాదు, ఒప్పుకుంటాను. కానీ నాదల్ ఎదుట నిలబడి మ్యాచ్ గెలవాలంటే ఆ మొండితనం కూడా కాస్త ఉండాలేమో.

దీనివల్ల బాగుపడింది ఫెదరర్. అంతకుముందు వరసగా నాలుగేళ్లు అక్కడ నాదల్ చేతిలోనే ఓడినవాడు, ఈసారి ఫైనల్లో సోదర్లింగ్‌ను ఓడించి తన 14వ గ్రాండ్‌స్లామ్ అందుకున్నాడు. రోలాండ్ గారోస్‌లో నాదల్‌తో ఆరుసార్లు ఆడి ఆరుసార్లూ ఓడిన ఆటగాడికి, సోదర్లింగ్ లేకపోతే ఆ కప్పు వచ్చేదా? నేనైతే నమ్మను. మరుసటి ఏడాది క్వార్టర్స్‌లో అదే సోదర్లింగ్ ఫెదరర్‌ను ఓడించి, వరసగా 23 గ్రాండ్‌స్లామ్ సెమీస్‌ల రికార్డుకు తెర దించాడు. నాదల్‌ను ఓడించిన రోసోల్, 2013 వింబుల్డన్‌లో ఫెదరర్‌ను ఓడించిన స్టకోవ్‌స్కీ సంచలనం చేసి తర్వాతి రౌండ్లోనే ఓడిపోయారు. సోదర్లింగ్ అలా కాదు, రెండేళ్లూ ఫైనల్ దాకా వెళ్లాడు. 2011లో జబ్బు పడి 26 ఏళ్లకే ఆట ఆగిపోవడం టెన్నిస్‌కు నష్టం.

ఇప్పుడు అల్కరాస్, సినర్. 2024, 2025 సంవత్సరాల ఎనిమిది గ్రాండ్‌స్లామ్‌లూ చెరి నాలుగు పంచుకున్నారు. 2025లో వరసగా మూడు ఫైనల్స్ వాళ్లిద్దరి మధ్యే. పారిస్‌లో సినర్‌కు మూడు ఛాంపియన్‌షిప్ పాయింట్లు దక్కినా, 5 గంటల 29 నిమిషాల తర్వాత కప్పు అల్కరాస్‌ది. అంత గొప్ప మ్యాచ్‌ను తక్కువ చేయను. సంచలనాలు లేవనీ అనను. 2024 యుఎస్ ఓపెన్ రెండో రౌండ్లో అల్కరాస్‌ను వాన్ డె జాండ్‌షుల్ప్ వరస సెట్లలో ఓడించాడు, కప్పు సినర్ తీసుకెళ్లాడు. 2025 షాంఘైలో 204వ ర్యాంకర్ వాషెరో ఏకంగా టైటిలే గెలిచాడు. కానీ అక్కడ అల్కరాస్ ఆడలేదు, సినర్ కండరాలు పట్టేసి మధ్యలో తప్పుకున్నాడు, ఆడేది మూడు సెట్లే. గ్రాండ్‌స్లామ్‌ల ఐదు సెట్ల ఆటలో, అదీ రెండో వారంలో, వీళ్లను పడగొట్టడం వేరే సంగతి. 2001 నుంచి సీడ్‌లను 16 నుంచి 32కు పెంచడంతో పెద్ద ఆటగాళ్లకు తొలి రెండు రౌండ్లలో 17 నుంచి 32 దాకా ఉండే స్థాయి ఆటగాడు ఎదురయ్యే అవకాశమే పోయింది.

కాగితం మీద ఆ మూడోవాడు జ్వెరెవ్. 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో అల్కరాస్‌ను ఓడించాడు, అదే ఏడాది రోలాండ్ గారోస్ తొలి రౌండ్లో నాదల్‌ను కూడా. కానీ ఆ పారిస్ ఫైనల్లో అల్కరాస్ చేతిలో, 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో సినర్ చేతిలో ఓడాడు. సర్వీస్ ఉంది, బ్యాక్‌హ్యాండ్ ఉంది. టెన్షన్ పెరిగే కొద్దీ మాత్రం బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) వెనక్కి వెళ్లి, అవతలివాడు తప్పు చేస్తాడేమోనని చూస్తుంటాడు. ఆ ఇద్దరూ అలాంటి తప్పులు చేసే రకం కాదు.